కిరణములు సోకిన నారపలకల బలము

కామారెడ్డికి సమీపముననున్న దోమకొండలో, అచ్చటివారు గడికోట యని పిలుచుకొను సంస్థానకాలపు కోట యొకటి కలదు. దాని జీర్ణోద్ధరణమునకు 2022లో యునెస్కో వారి ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారములలో మెరిట్ పురస్కారము లభించినది. పాతకోటలను బాగుచేయు పనివారు గోడయొద్దకు పోయినప్పుడు రాతికంటె ముందుగా రాయికిని రాయికిని నడుమనున్న గచ్చును తడవి చూతురు. ఏలయనగా రాయి తరతరముల ఎండవానల కోర్చి నిలుచును. గచ్చు పొడియై రాలును. గచ్చు రాలిన గోడలో ప్రతి రాయియు చెక్కుచెదరక యుండియు గోడ కూలవచ్చును. నేను ఈ వ్యాసమున చెప్పదలచిన శాస్త్రవిషయమునకు ఇంతకంటె తగిన ఉపమానము నాకు దొరకలేదు. సన్నని నారలను రెసినులో పొదిగి నేటి ఇంజనీర్లు నిర్మించుచున్న సంయుక్త పదార్థములపై రేడియేషన్, అనగా వికిరణము, పడినప్పుడు నారకు కలుగు హాని స్వల్పము. నారలను పట్టియుంచు బంధమునకు కలుగు హాని అధికము. కావున అట్టి పదార్థపు బలము తగ్గినదా లేదా యని యెవరైన అడిగినచో, ఏ బలమును గూర్చి అడుగుచున్నారని మొదట తెలిసికొనవలసి యుండును.

సంయుక్త పదార్థమనగా వేరువేరు గుణములు గల ద్రవ్యములు తమ తమ రూపములను విడువకయే, ఒకదాని లోపమును మరియొకటి పూరించునట్లు కూర్చబడినది. తలవెండ్రుకకంటె సన్ననివైన గాజునారలు, కార్బన్ నారలు, కెవ్లార్ అను పేరుతో ప్రసిద్ధమైన అరామిడ్ నారలు లాగుడునకు లొంగని మహాబలము కలవి; కాని విడిగానున్న నార ఒత్తిడికి ఆగదు, వంగిపోవును. ఆ నారలను పాలియెస్టర్, ఎపాక్సీ వంటి రెసినులలో తడిపి, పొరమీద పొరగా పరచి గట్టిపరచినచో, ఉక్కుకంటె ఎంతో తేలికయై దృఢతలో దానికి సాటిరాగల పలకలును గొట్టములును సిద్ధమగును.

ఇది మన తెలుగునాటికి క్రొత్త విద్య కాదు. దోమకొండ ఇండ్లవంటి పల్లె ఇండ్లలో వసారాకు వెలుతురు కొరకు వేసికొను ఫైబర్ రేకు ఈ జాతిదే. హైదరాబాదులో రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థవారి ప్రయోగశాలలు దశాబ్దములుగా దీనిని సాధన చేయుచున్నవి. 1989 మే 22న తొలిసారి ఎగిరిన అగ్ని క్షిపణికై అచ్చట అలవరచుకొనిన తేలిక పదార్థముల నేర్పునే అబ్దుల్ కలాముగారు నిమ్స్ ఆసుపత్రి వైద్యులతో కలిసి పోలియో సోకిన బిడ్డల కాలి ఊతపట్టీలకు వినియోగించి, మూడు కిలోలకు పైబడిన కాలి తొడుగును మూడువందల గ్రాములకు తెచ్చిరి. ఆ నగరముననే 2018లో స్థాపితమైన స్కైరూట్ సంస్థవారు కార్బన్ నార నిర్మాణముతో చేసిన విక్రమ్-ఎస్ రాకెట్టు 2022 నవంబరు 18న శ్రీహరికోటనుండి ఎగిరి 89.5 కిలోమీటర్ల ఎత్తును అందుకొన్నది. అదే నెల 26న హైదరాబాదుకే చెందిన ధ్రువ స్పేస్ వారి రెండు చిన్న ఉపగ్రహములు పీఎస్ఎల్వీ-సీ54 మీద కక్ష్యను చేరినవి. వసారాపై రేకు మొదలు కక్ష్యలోని ఉపగ్రహము వరకు నారపలకలన్నియు ఏదో యొక కిరణపు దెబ్బను తినుచునే యున్నవి; ఆ కిరణము ఏది, దాని శక్తి యెంత, అది లోనికి ఎంతవరకు చొరగలదు అను వానినిబట్టి దెబ్బ మారుచుండును.

మొదట మన నడినెత్తి సూర్యునితోనే ఆరంభింతము. దోమకొండ భూమధ్యరేఖకు ఉత్తరముగా పదునెనిమిది డిగ్రీలకు కొంచెము పైన నున్నది గనుక, మే నెల నడుమ నొకసారియు జూలై చివర నొకసారియు మధ్యాహ్నసూర్యుడు అచ్చట సరిగా శిరస్సుమీదికి వచ్చును. రెసినుల అణువులలో వెన్నెముకయై నిలుచు కార్బన్-కార్బన్ బంధమును త్రెంచుటకు ఇంచుమించు 3.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలును. 300 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల అతినీలలోహిత కిరణములో ఒక్కొక్క శక్తికణమునకు 4 ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా నుండును. తెగిన బంధములయొద్దకు గాలిలోని ప్రాణవాయువు చేరి క్రొత్త సమ్మేళనములను పుట్టించును. అందుచేతనే క్రొత్తలో గాజువలె తళతళలాడిన రేకు కొన్ని వేసవులు గడచునప్పటికి పసుపువన్నెకు తిరిగి, పైపొర సన్నని పొడియై వానకు కొట్టుకొనిపోయి, లోపలి గాజునారలు ముండ్లవలె పైకి తేలును. చేతితో తడవినవారికి దురద పుట్టుటకు కారణ మిదియే.

అయినను ఆ రేకును చూచి ఇది పూర్తిగా పాడైనదని తీర్పు చెప్పుట తొందరపాటు. అతినీలలోహిత కిరణములు రెసినులోనికి మిక్కిలి లోతుగా చొరజాలవు. వాని దెబ్బ చాలవరకు పైనున్న పలుచని పొరకే పరిమితము. లోపలి నారలు ఇంకను రెసినులో భద్రముగా నున్నంతకాలము లాగుడుబలము పెద్దగా తరుగదు. కాని పైపొర పోయిన చోట నీరు నారవెంబడి లోనికి ప్రాకి, నారకును రెసినుకును గల పట్టును సడలించును. అసలు బలహీనత అప్పుడు మొదలగును. కనుక నారలు తేలిన తొలి సంవత్సరముననే రేకును శుభ్రపరచి, అతినీలలోహితమును అడ్డగించు ద్రవ్యము కలిసిన రెసినుపూతనో రంగునో వేయించుట, పగిలిన తరువాత క్రొత్తరేకు కొనుటకంటె ఎంతో మేలు. కెవ్లార్ నార విషయములో మరికొంత జాగ్రత్త కావలెను. గాజును కార్బనును పట్టించుకొనని సూర్యకాంతి ఈ నారను మాత్రము నేరుగా దెబ్బతీయును. అందుచేత దానిని ఎల్లప్పుడు పూతక్రిందనో తొడుగుక్రిందనో ఉంచుదురు.

రేడియేషన్ అను మాట వినగానే మనవారిలో చాలమందికి అణువిద్యుత్కేంద్రములో, ఎక్స్‌రే గదులో స్మరణకు వచ్చును. కాని అది మన కాళ్ళక్రింది నేలలోను కలదు. తెలంగాణపు గుట్టలు గ్రానైటు గుట్టలు. గ్రానైటులో యురేనియము, థోరియము, పొటాషియములు సహజముగనే కొలదిగా నుండుటవలన ఈ నేల ఎల్లప్పుడు మిక్కిలి మందమైన గామాకిరణములను వెలువరించుచునే యుండును. దీనిని విని ఇంటిపైకప్పును గూర్చి దిగులుపడ నక్కరలేదు. వికిరణమోతాదును కొలుచు ప్రమాణము గ్రే; కిలో పదార్థము ఒక జౌలు శక్తిని గ్రహించినచో అది ఒక గ్రే. ఒక్కసారిగా దేహమంతటికి నాలుగైదు గ్రేలు తగిలినచో, చికిత్సలేని మానవులలో సగముమంది బ్రతుకరు. గుట్టలనుండి మనకు వచ్చునది సాలుకు కొన్ని మిల్లీగ్రేలకు మించదు. సాలుకు రెండు మిల్లీగ్రేల చొప్పున లెక్కించినను, వైద్యశాలల సిరంజీలను శుద్ధిచేయుటకు వాడు 25 కిలోగ్రేల మోతాదు ఒక ప్లాస్టిక్కునకు చేరుటకు కోటిసంవత్సరములకు పైగా పట్టును. ట్రాంబేలోని ఐసోమెడ్ కేంద్రములో 1974 నుండి అట్టి శుద్ధి జరుగుచున్నది. అచ్చటి కోబాల్ట్-60 ఆ మోతాదును ప్లాస్టిక్కు కందించుటకు గంటలు చాలును.

ఆ కోబాల్టునుండి వెలువడు గామాకిరణములకు 11.7 లక్షలును 13.3 లక్షలును ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి యుండును. సూర్యకిరణము ఉపరితలమును గీరి ఆగిపోగా, గామాకిరణము పలకనంతటిని దాటి, దారిపొడవునను అణువులనుండి ఎలక్ట్రానులను పెరికివేయుచు సాగును. ఇట్లు గాయపడిన పాలిమర్ గొలుసులకు రెండు గతులు కలవు. గొలుసు నడుమ తెగి రెండు ముక్కలగుట యొకటి. ప్రక్కప్రక్కనున్న రెండు గొలుసులు తెగినచోటులయందు చేయిచేయి పట్టుకొని అడ్డబంధముగా ముడివడుట రెండవది. ఈ రెండును ఒకే పదార్థములో ఏకకాలమున జరుగుచుండును. ఏది మిక్కుటమగునో దానినిబట్టి పదార్థము మెత్తబడుటయో గట్టిపడి పెళుసగుటయో నిర్ణయమగును. ఆర్థర్ చార్లెస్బీ అను శాస్త్రవేత్త 1952 ప్రాంతమున ఇంగ్లండులోని హార్వెల్ అణురియాక్టరులో పాలిథీన్‌ను ఉంచి, అది వికిరణమువలన చెడుటకు మారుగా అడ్డబంధములు పొంది, కరుగునట్టి వేడిమియందును కరగి కారిపోని పదార్థమగుటను చూపెను. అంతవరకు వికిరణమును కేవలము విధ్వంసకారిగా తలచుచుండిన లోకమునకు ఇది గొప్ప కనువిప్పు.

అన్ని ప్లాస్టిక్కులును ఒకే విధముగా ఓర్చుకొనవు. వంటపెనములపై పూతగా మనమెరిగిన టెఫ్లాన్, రసాయనములకు వేడికి అంతటి మొండిదయ్యును, గాలిలో కొన్ని కిలోగ్రేలకే బలము కోల్పోవును. పాలిప్రొపిలీన్ కొన్ని పదుల కిలోగ్రేలకు పెళుసగును. గాజునారతో కూడి, తగిన గట్టిపరచు ద్రవ్యముతో తయారైన ఎపాక్సీపలక కోటి గ్రేల ప్రాంతము వరకును పనికివచ్చును. పాలిఇమైడులు అంతకును మించి నిలుచును. ఇంతటి భేదమునకు ముఖ్యకారణము బెంజీను వలయము. అణువుపై పడిన శక్తిని ఆ వలయము తనలో నలుదెసలకు పంచుకొని, ఏ యొక్క బంధమును తెగిపోనీయక, మెల్లగా వేడిమిరూపమున విడిచిపెట్టును. వలయములు దండిగా గల రెసిను సహించును, లేనిది సమసిపోవును. అణువు కట్టడమును ఎరిగి రెసినును ఎన్నుకొనుటలోనే ఇంజనీరు నేర్పు సగము తెలియునని నా అభిప్రాయము.

ఇక నారల సంగతి. కార్బన్ నారకు గామాకిరణములును ఎలక్ట్రానులును చేయు హాని లెక్కింపదగినది కాదు. కొన్ని పరిస్థితులలో దాని ఉపరితలము గరుకెక్కి రెసినుతో మరింత గట్టిగా అంటుకొనుటయు కలదు. గాజునార రంగుమారునుగాని బలము నిలుపుకొనును. అయితే న్యూట్రానులు ప్రసరించు తావున గాజునారకు ఒక గుప్తశత్రువు తనలోనే యుండును. సాధారణముగా వాడు ఈ-గాజులో బోరాన్ కలదు. సహజ బోరానులో అయిదవవంతు బోరాన్-10. అది న్యూట్రానును మ్రింగి, హీలియముగను లిథియముగను చీలి, ఆ రెండు ముక్కలును నారకును రెసినుకును కలిసినచోటనే తమ శక్తిని కుమ్మరించును. కావున ఫ్రాన్సులోని కదరాష్ వద్ద మన దేశముకూడ భాగస్వామిగా నిర్మాణమగుచున్న ఐటర్ సంలీన యంత్రపు మహాయస్కాంతములకు విద్యున్నిరోధకముగా చుట్టు గాజువస్త్రమును బోరాన్ లేని గాజుతోనే నేయింతురు; ముఖ్యమైన చుట్టలకు మామూలు ఎపాక్సీ చాలదని, సయనేట్ ఎస్టరును కలిపిన రెసినును వాడుచున్నారు. ఒక్క మూలకమును తొలగించుటకై ఇంత శ్రమ యేల యనువారికి, ఆ యస్కాంతములు ఒకసారి అమర్చిన పిదప విప్పి బాగుచేయుట దాదాపు అసాధ్యమని చెప్పవలసియున్నది.

ఇప్పుడు బలముల భేదమును గూర్చి కొంచెము నిలిచి ఆలోచింతము. నారలదిశలో పలకను లాగినచో భారమంతయు నారలే మోయును. రెసిను సగము చెడినను ఈ బలము అంతగా తగ్గదు. అదే పలకను నారలదిశలో ఒత్తినచో, సన్నని నారలు ప్రక్కకు వంగకుండ పట్టియుంచునది రెసినే. అది మెత్తబడినచో నారలు వంగి పలక కుప్పకూలును. పొరమీద పొర జారునట్లు తోసినచో భారము పొరల నడుమనున్న రెసినుమీదను, నార-రెసిను సంధిమీదను మాత్రమే పడును. వికిరణపు ప్రభావమును కనిపెట్టదలచినవారు ఈ మూడవ పరీక్షను ఆశ్రయించుట ఇందువలననే. పొట్టి పలకముక్కను రెండు ఆధారములపై నుంచి నడుమ నొక్కినచో, వంగుటకు పొడవు చాలక, పొరలు విడిపోయి విరుగును. ఆ విరుగు భారమును బట్టి పొరలనడిమి జారుడుబలము తెలియవచ్చును. లాగుడు పరీక్షనొక్కదానిని చేసి ఈ పదార్థమునకు వికిరణము సోకినను భయములేదని పత్రము వ్రాసియిచ్చువారు, సత్యములో సులభమైన భాగమును మాత్రమే చెప్పుచున్నారు.

1980 దశకమున అమెరికాలో ఈ విషయముపై గొప్ప పరిశోధన జరిగినది. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున నిశ్చలముగా కనబడు ఉపగ్రహములు ముప్పది సంవత్సరములలో భరింపవలసిన ఎలక్ట్రాను మోతాదును, అనగా పదికోట్ల గ్రేలను, కార్బన్-ఎపాక్సీ పలకలకు భూమిమీదనే యంత్రముతో అందించి చూచిరి. సామాన్యవేడిమిలో పరీక్షించినప్పుడు పెద్దమార్పు కనబడని పలకలే, వేడిచేసినప్పుడు మెత్తబడి బలము తగ్గినవి. శీతలపరచినప్పుడు పెళుసై సన్నని పగుళ్ళకు తావిచ్చినవి. తెగిన గొలుసుల చిన్న ముక్కలు రెసినులోనే చిక్కుకొని యుండుటచే, వేడిలో అవి నూనెవలె పనిచేసి మెత్తదనమును కలిగించును. కక్ష్యలో నీడకును ఎండకును మారిమారి తిరుగు ఉపగ్రహము ఈ రెండు దుస్థితులను మరల మరల అనుభవించును గదా! పగుళ్ళు పుట్టిన పలక వేడికి వ్యాకోచించు తీరుకూడ మారును. దూరదర్శినిని మోయు చట్రమునకు, బలము మిగిలియున్నను, ఈ చిన్నమార్పే పెనుదోషము.

అంతరిక్షమున మరియొక చిక్కు కలదు. అయిదారువందల కిలోమీటర్లలోపు కక్ష్యలలో ప్రాణవాయువు ఒంటరి పరమాణువులుగా చరించుచుండును. సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగముతో పోవు ఉపగ్రహముఖమునకు అది తాకి రెసినును కొరికివేయును. 1984 ఏప్రిలులో విడిచి, 1990 జనవరిలో కొలంబియా నౌకతో తిరిగి తెచ్చిన ఎల్‌డీఈఎఫ్ అను ప్రయోగపీఠముపై, పూతలేని కార్బన్-ఎపాక్సీ పలకలు ముందువైపున దాదాపు ఒక పొర మందము తరిగియుండగా, పలుచని లోహపూత గలవి చెక్కుచెదరక యుండినవి. ఇది నిజమునకు వికిరణము కాదు; కాని అతినీలలోహితమును ఇదియు కూడి పనిచేయునప్పుడు ఏది ఎంత చెరచినదో విడదీయుట కష్టము గనుక ఇచ్చట ప్రస్తావింపవలసి వచ్చినది.

రాకెట్టులకు మాత్రము ఈ దిగులు లేదు. విక్రమ్-ఎస్ ప్రయాణము ఐదు నిమిషములలోపే ముగిసినది. ఆ స్వల్పకాలములో దానికి సోకిన వికిరణము గణింపదగినది కాదు, దాని పరీక్షలన్నియు వేడిమికిని కంపనమునకును ఒత్తిడికిని సంబంధించినవే. ఏండ్లతరబడి కక్ష్యలో నిలువవలసిన ఉపగ్రహపు కథ వేరు. హైదరాబాదులో ఈ రెండు జాతుల పనియు నేడు ప్రక్కప్రక్క వీధులలో జరుగుచున్నది గనుక, ఒకరి అనుభవమును మరొకరు యథాతథముగా తీసికొనరాదని గుర్తుచేయుట అవసరము.

ప్రయోగశాలలో చేయు పరీక్షలలోను ఒక మోసము పొంచియున్నది. ముప్పది సంవత్సరముల మోతాదును మూడు దినములలో ఇచ్చినప్పుడు, గాలిలోని ప్రాణవాయువునకు పలక లోతులకు చేరు వ్యవధి యుండదు. హాని ఉపరితలమునకే పరిమితమై కనబడును. అదే మోతాదు మెల్లమెల్లగా చేరినచో ప్రాణవాయువు అంతటను వ్యాపించి, తెగిన ప్రతి గొలుసును పట్టుకొని చెరచును. అణువిద్యుత్కేంద్రములలోని తీగల తొడుగులయందును ఇతర పాలిమరులయందును ఈ భేదము స్పష్టముగా తేలినది. గాలిలేని అంతరిక్షములో ఈ చిక్కు లేకున్నను, భూమిమీద వాడు పలకకు మాత్రము త్వరితపరీక్ష ఇచ్చు ధైర్యమును కొంత తగ్గించి తీసికొనుట వివేకము.

ఇంతవరకు హానినే చెప్పితిని. చార్లెస్బీ చూపిన రెండవమార్గమున పోయినవారు వికిరణమును నిర్మాణమునకే వినియోగించుచున్నారు. మామూలుగా ఎపాక్సీపలక గట్టిపడుటకు గంటలకొలది కొలిమిలో ఉంచవలెను. పెద్దభాగమునకు పెద్దకొలిమి కావలెను. వేడెక్కి చల్లారునప్పుడు పలకలో లోపలి ఒత్తిడులును మిగిలిపోవును. అందుకు మారుగా, తగిన ప్రేరకము కలిపిన రెసినుపై కోటి ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల ఎలక్ట్రాను ధారను ప్రసరింపజేసినచో, దాదాపు గదివేడిమిలోనే కొద్దికాలమున అది గట్టిపడును. ఫ్రాన్సులో ఏరోస్పేషియాల్ సంస్థవారు రాకెట్టు మోటారు తొడుగులను ఈ విధముగనే గట్టిపరచిరి. మనదేశములో నవీ ముంబైలోని ఖార్ఘర్ వద్ద భాభా అణుపరిశోధన కేంద్రమువారికి అంతటి శక్తిగల ఎలక్ట్రాను యంత్రమున్నది. అయినను ఈ పద్ధతి కొలిమిని తొలగింపలేకపోయినది. ఎలక్ట్రానుధారతో గట్టిపడిన పలకలలో రెసిను తనంతట దృఢముగనే యుండియు, కార్బన్ నార ఉపరితలముతో దాని పట్టు కొలిమిలో కాలిన పలకలంత గట్టిగా నుండకపోయెను. ఒత్తుడుబలమును పొరలనడిమి జారుడుబలమును తగ్గియుండెను. నారపై పూసెడు పలుచని లేపనమును మార్చియు, నార ఉపరితలమునకు ముందుగా వికిరణముతోనే రసాయనపు కొక్కెములను అతికించియు ఆ లోపమును సరిచేయుటకు పరిశోధకులు పాటుపడుచున్నారు.